పొంగిన పిండి – కుట్టు అట్టు

తెలుగువారి వంటింట్లో దీపాలు ఆర్పిన తరువాత కూడ ఒక పని సాగుతూనే ఉంటుంది. మినపపప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, మూతపెట్టి ఉంచిన గిన్నెలో పిండి తనంతట తానే పొంగుతుంది. తెల్లవారిన తరువాత మూత తీసి, "పిండి పులిసింది" అని ఒక్క మాట అనుకొని ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెడతాం. ఆ పిండిని ఎవరు పొంగించారు? పొంగినది మళ్ళీ కుంగిపోకుండ ఎవరు పట్టి ఉంచారు? ఈ రెండు ప్రశ్నలు వేసుకునే అవసరం మనకు సాధారణంగా రాదు. కాని అలవాటు లేని గింజతో, అలవాటు లేని వంటకం చేయబూనినప్పుడు ఈ రెండింటికి సమాధానం తెలియక తప్పదు. కుట్టు పిండిని ఈస్ట్‌తో పొంగించి, ఎండు పండ్లు చేర్చి పెనం మీద కాల్చే అట్టు అటువంటి వంటకం.

ఈ అట్టు చలిదేశాలలో పుట్టింది. రష్యాలో క్రైస్తవుల పెద్ద ఉపవాస దినాలకు ముందు మాస్లెనిత్సా అనే పండుగ వారం వస్తుంది. ఆ వారమంతా బ్లినీ అనే గుండ్రని చిన్న అట్లు తింటారు. పాత పద్ధతిలో వాటికి కుట్టు పిండి, ఈస్ట్ వాడేవారు. నెదర్లాండ్స్ దేశంలో ఎండుద్రాక్ష కలిపి, ఈస్ట్‌తో పొంగించి, ఒక్కొక్క పెనానికి మూడేసి చొప్పున పోసే అట్లు ఉన్నాయి. వాటి పేరుకే "పెనంలో మూడు" అని అర్థం. అమెరికాలో 19వ శతాబ్దపు పల్లె ఇళ్ళలో చలికాలమంతా కుట్టు అట్లే ఉదయపు ఆహారం. గోధుమ సరిగా పండని చలినేలల్లో, సారం తక్కువైన భూముల్లో కూడ కుట్టు రెండు మూడు నెలలలో చేతికి వస్తుంది. అందువల్ల అది పేదవారి గింజ అయింది.

దక్కన్ పీఠభూమిలో కుట్టు పంట లేదు. అయినా హైదరాబాదు నగరంలో ఈ అట్టుకు కావలసిన ప్రతి వస్తువు ఆబిడ్స్, నాంపల్లి, బేగంబజార్‌ల నడుమ కాలినడకన తిరిగి తెచ్చుకోవచ్చు. ఆబిడ్స్‌కు ఆ పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. పరదేశపు వస్తువు ఈ వీధికి కొత్త కాదన్నమాట. అక్కడి నుండి నాంపల్లి వైపు నడిస్తే రాతితో కట్టిన మొజంజాహీ మార్కెట్ కనిపిస్తుంది. ఏడవ నిజాం తన రెండవ కుమారుడు మొజంజా పేరిట దానిని 1935లో కట్టించాడు. పాడుబడిన దశ నుండి ఆ కట్టడాన్ని బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచారు. దాని ఎదుట ఉన్న కరాచీ బేకరీని 1953లో ఖాన్‌చంద్ రమ్‌నాని స్థాపించారు. 1947 దేశవిభజనలో సింధు ప్రాంతాన్ని విడిచి వచ్చిన కుటుంబం వారిది. వదలివచ్చిన ఊరి పేరు దుకాణం బోర్డు మీద నిలిచింది. పండ్ల ముక్కలు పొదిగిన ఆ బిస్కట్లు నగరం చూడవచ్చినవారు తిరుగు ప్రయాణంలో కొనుక్కుపోయే కానుక అయ్యాయి. నాంపల్లిలో సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కట్లకు, దమ్ కే రోట్‌కు పేరుపొందింది. ఇటు ఆబిడ్స్‌లో తాజ్ మహల్ హోటల్ వంటి పాత శాకాహార హోటళ్ళు ఇడ్లీ, దోసెలకు ప్రసిద్ధం. రొట్టె పొంగించే ఖమీరు, దోసె పొంగించే మినపపిండి ఈ పేటలో ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి. ఈ రెండూ కలిస్తేనే మన కుట్టు అట్టు సరిగా వస్తుంది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మొదట కుట్టును గురించి తెలుసుకోవాలి. శాస్త్రజ్ఞులు దీనిని ఫాగోపైరమ్ ఎస్కులెంటమ్ అంటారు. హిందీలో కుట్టు. మన నేలలో పండదు గనుక తెలుగులో దీనికి వాడుకలో సొంత పేరు లేదు. కిరాణా దుకాణంలో "కుట్టు ఆటా" అనే అడగాలి. దీని పుట్టిల్లు చైనా నైరుతి ప్రాంతమని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. మన దేశంలో లడఖ్, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్ కొండచరియల్లో పండిస్తారు. గింజ మూడు పలకలుగా, నల్లని పొట్టుతో ఉంటుంది. పొట్టు తీసి విసిరితే బూడిదరంగు పిండి, అందులో అక్కడక్కడ నల్లని నలుసులు. గోధుమ, వరి, జొన్న, సజ్జ మొదలైనవన్నీ గడ్డిజాతి మొక్కలు. కుట్టు గడ్డిజాతి కాదు. మనం పప్పులో వేసుకునే చుక్కకూర ఏ కుటుంబానిదో కుట్టు కూడ ఆ కుటుంబానిదే. పోల్చి చూస్తే గోధుమ కన్న చుక్కకూరే దీనికి దగ్గర చుట్టం.

ఈ చుట్టరికం మీదనే ఒక ఆచారం నిలిచి ఉంది. ఉత్తర భారతీయులు నవరాత్రులలో ధాన్యం ముట్టరు. కుట్టు ధాన్యం కాదు గనుక దానితో పూరీలు, పకోడీలు చేసుకొని ఉపవాసం గడుపుతారు. బేగంబజార్ చుట్టుపక్కల స్థిరపడిన మార్వాడీ, గుజరాతీ, ఉత్తరాది కుటుంబాల వల్ల ఈ పిండి హైదరాబాదుకు వచ్చి చేరింది. అందుకే నవరాత్రులకు ముందు దుకాణాలలో విరివిగా దొరుకుతుంది, తక్కిన రోజులలో వెదకాలి. వారు ఈ ఆహారాన్ని "ఫలాహార్" అంటారు. మనకు ఫలాహారమంటే ఇడ్లీ, ఉప్మా! ఒకే సంస్కృత పదం రెండు భాషలలో రెండు దారులు పట్టింది. వృక్షశాస్త్రం ప్రకారం కుట్టు గింజ నిజంగా ఫలమే. అయితే ఆ లెక్కన గోధుమ గింజ కూడ ఫలమే అవుతుంది గనుక, ఈ వాదాన్ని ఉపవాసమున్నవారి ముందు సాగదీయకపోవడం మంచిది. వ్రతం పాటించేవారు ఈస్ట్‌ను కూడ సాధారణంగా వాడరు. కనుక ఈ అట్టు ఉపవాస దినపు వంట కాదని గుర్తుంచుకోవాలి.

ఇక పిండిని ఎవరు పొంగిస్తారన్న ప్రశ్న. 1680లో లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినితో పులుస్తున్న ద్రవంలో చిన్న గుండ్రని రూపాలను చూశాడు. అవి ప్రాణులని ఆయనకు తోచలేదు. ఈస్ట్ ప్రాణి అనీ, అది చక్కెరను తిని బ్రతుకుతుందనీ 19వ శతాబ్దంలో కొందరు చెప్పగా ఆనాటి మహా రసాయనశాస్త్రజ్ఞులే పరిహసించారు. 1857 నుండి లూయీ పాశ్చర్ చేసిన ప్రయోగాలు ఆ వివాదాన్ని తేల్చాయి. తరువాత 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్ట్ కణాలను నలిపి, వాటి రసం మాత్రమే తీసుకొని చక్కెరను పులియజేశాడు. ప్రాణి లేకపోయినా దానిలోని ఎంజైములు పని చేస్తాయని అప్పుడు తెలిసింది. ఆ పరిశోధనకు 1907లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. బేకరీ ఈస్ట్ పేరు శాకరోమైసిస్ సెరివిసియే. ఒక గ్రాము పొడి ఈస్ట్‌లో వందల కోట్ల కణాలు నిద్రాణస్థితిలో ఉంటాయి. గోరువెచ్చని నీరు, కొంచెం చక్కెర తగలగానే మేల్కొంటాయి. ఒక్కొక్క గ్లూకోజ్ అణువును రెండు ఆల్కహాల్ అణువులుగా, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులుగా విడగొడతాయి. ఆల్కహాల్ చాలవరకు పెనం వేడికి ఆవిరై పోతుంది. కార్బన్ డయాక్సైడ్ బుడగలై పిండిని పొంగిస్తుంది.

ఇడ్లీ పిండిలో ప్రధానంగా పనిచేసేవి ఈస్ట్ కణాలు కావు, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాలు. వాటిలో ల్యూకోనోస్టాక్ మెసెంటిరాయిడిస్ ముఖ్యమైనది. అది వాయువుతోపాటు ఆమ్లాన్ని కూడ ఇస్తుంది. అందువల్ల పిండి పొంగుతుంది, పుల్లబడుతుంది. మన భాష ఈ క్రియకు రుచిని బట్టి పేరు పెట్టింది: పులియడం అంటే పుల్లనవడం. ఈస్ట్‌తో గంటలో పొంగిన పిండికి ఆ పులుపు అంతగా ఉండదు. కనుక ఈ పాఠంలో కుట్టు పిండి "పులిసింది" అనక "పొంగింది" అంటున్నాం.

రెండవ ప్రశ్న మరింత కీలకమైనది. పుట్టిన వాయువును పట్టి ఉంచేది ఎవరు? బేకరీ రొట్టెలో ఆ పని గ్లూటెన్ చేస్తుంది. గోధుమ పిండిని తడిపి పిసికినప్పుడు అందులోని మాంసకృత్తులు కలిసి సాగే జిగురు వలగా మారుతాయి. అదే గ్లూటెన్. బుడగ ఆ వలలో చిక్కుకుంటుంది. కుట్టులో గ్లూటెన్ లేదు. అందుకే కుట్టు పిండిలో ఈస్ట్ మాత్రమే కలిపి ఊరుకుంటే వాయువు పైకి వచ్చి తప్పించుకుపోతుంది, అట్టు బరువుగా, విరిగిపోయేట్లు వస్తుంది. విదేశాలలో చాలామంది ఈ లోటును సగం గోధుమ పిండి కలిపి తీర్చుకుంటారు. రుచికి అది మంచి ఉపాయమే. కాని కుట్టును ఎంచుకోవడానికి గల ముఖ్య కారణాన్నే ఆ ఉపాయం కొందరి విషయంలో చెరిపివేస్తుంది.

సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గ్లూటెన్ పనికిరాదు. వారి శరీరంలోని రక్షణ వ్యవస్థ గ్లూటెన్‌కు ప్రతిస్పందించి చిన్న ప్రేగులోని ఆంత్రచూషకాలను దెబ్బతీస్తుంది. తిన్న ఆహారం ఒంటబట్టదు. పిల్లలలో ఎదుగుదల కుంటుపడుతుంది, రక్తహీనత వస్తుంది. జీవితాంతం గోధుమ, బార్లీ, రై గింజలకు దూరంగా ఉండడమే దీనికి చికిత్స. ఇటువంటి వ్యాధి ఉన్న ఒక విద్యార్థి నాంపల్లిలో కళాశాల విడిచి బయటకు వచ్చాడనుకోండి. మిత్రులు బన్ను, బిస్కట్టు, సమోసా, పఫ్ కొనుక్కుంటారు. అతడికి వాటిలో ఒక్కటీ తినదగినది కాదు. ఇడ్లీ, దోసె ఉన్నాయి, అది మన దేశపు భాగ్యం. అయినా బేకరీ వాసన వచ్చే వీధిలో ప్రతిరోజు చేయి ముడుచుకొని నిలబడడం ఎంత కష్టమో ఊహించవచ్చు. మెత్తగా పొంగి, పండ్ల ముక్కలతో తియ్యగా ఉండే కుట్టు అట్టు అతడి పళ్ళెంలోకి రావాలంటే అందులో చిటికెడు మైదా కూడ ఉండరాదు.

ఆ పరిష్కారం మన వంటింట్లోనే ఉంది. మినపపప్పును నానబెట్టి రుబ్బినప్పుడు పిండి తెల్లగా, నురుగుగా ఎందుకు లేస్తుంది? మినుములోని గ్లోబ్యులిన్ అనే మాంసకృత్తులు నురుగును కట్టిస్తాయి. అరబినోగలాక్టాన్ అనే జిగురు పదార్థం ఆ నురుగును నిలబెడుతుంది. ఇడ్లీలో గోధుమ లేకపోయినా వాయువు నిలిచేది వీటి బలం వల్లనే. కుట్టు పిండికి నాలుగో వంతు మినపపప్పు రుబ్బి కలిపితే గ్లూటెన్ చేసే పనిలో చాలా భాగం అది చేస్తుంది. కుట్టుకు కూడ తడిసినప్పుడు కొంత జిగురు వస్తుంది. రెండూ కలిసి ఉతప్పం వంటి అట్టును ఇస్తాయి. దిబ్బరొట్టె ఎరిగినవారికి ఈ అట్టు తీరు వెంటనే అర్థమవుతుంది.

పిండి కొనేటప్పుడు రెండు విషయాలలో జాగ్రత్త అవసరం. ఒకటి, తాజాదనం. కుట్టులో నూనె ఉంటుంది. విసిరిన పిండి చాలాకాలం నిలవ ఉంటే ఆ నూనె చెడి ముక్క వాసన వస్తుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. 2011 ఏప్రిల్‌లో నవరాత్రుల సమయాన ఢిల్లీలోను, చుట్టుపక్కల పట్టణాలలోను కుట్టు పిండి వంటలు తిన్న వందలమంది వాంతులు, కళ్ళు తిరగడం వంటి లక్షణాలతో ఆసుపత్రులలో చేరారు. పాతబడిన పిండి, కల్తీ పిండి అమ్మారని అప్పుడు అనుమానించారు. ఏడాదిలో కొద్ది రోజులే గిరాకీ ఉండే వస్తువు కావడం ఇందులోని చిక్కు. అమ్ముడుపోని పిండి మరుసటి పండుగ దాకా బస్తాలో ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుచేత విడిగా అమ్మే పిండి కన్న, తయారైన తేదీ ముద్రించిన పొట్లం మేలు. పొట్టు తీసిన గింజలు దొరికితే ఇంకా మంచిది. కావలసినంత మాత్రమే ఇంట్లో మిక్సీలో పొడి చేసి జల్లించుకోవచ్చు. తాజా పిండికి వేరుశెనగ గింజలు వేయించినట్టి కమ్మని వాసన ఉంటుంది.

రెండవది, గోధుమ కలయిక. గోధుమలు ఆడించిన పిండిగిర్నీలోనే కుట్టు కూడ ఆడిస్తే, రాళ్ళ మధ్య మిగిలిన గోధుమ పిండి ఇందులో చేరుతుంది. మామూలువారికి అది లెక్కలోకి రాదు. సీలియాక్ రోగికి మాత్రం చాలు. గ్లూటెన్ లేదని ముద్రించి అమ్మే ఆహారంలో అది కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండరాదని మన దేశపు ఆహార ప్రమాణాల నియమం. ఆ పరిమాణం ఎంత స్వల్పమో చూడండి. ఇంట్లో చపాతీలు కాల్చే పెనాన్ని, జల్లెడను కూడ ఇటువంటి వారి కోసం వేరుగా ఉంచాలి. ప్రసంగవశాత్తు మరొక మాట: బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు. పొట్లం మీద చదివి కొనడం అవసరం. ఇవి కాక, కుట్టే పడనివారు కూడ కొందరు ఉంటారు. దద్దుర్లు, ఆయాసం వంటివి కనిపిస్తే మళ్ళీ ముట్టరాదు. మొదటిసారి తినేవారు ఒక చిన్న అట్టుతో ఆరంభించడం క్షేమం.

ఎండు పండ్ల విషయంలో హైదరాబాదు వారికి కొరత లేదు. బేగంబజార్‌లో కిస్మిస్, అంజీర్, ఖర్జూరం, ఖుబానీ రాసులుగా పోసి అమ్ముతారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్‌కు సాధారణంగా జనవరి నెలలో కాశ్మీరు వర్తకులు వచ్చి ఎండు పండ్ల అంగళ్ళు పెడతారు. ఆ ప్రదర్శన రాబడి విద్యాసంస్థల నిర్వహణకు ఉపయోగపడుతుంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి. పండ్లలో ఖుబానీకి ఈ నగరంలో ప్రత్యేక స్థానం ఉంది. విందు భోజనం చివర వడ్డించే ఖుబానీ కా మీఠా దానితో చేసినదే. ఖుబానీ రెండు రకాలుగా కనిపిస్తుంది. నారింజరంగులో మెరిసేది గంధకపు పొగ పట్టించినది. ముడతలు పడి గోధుమరంగులో ఉండేది ఊరక ఎండబెట్టినది. చూపుకు మొదటిది బాగుంటుంది, అట్టుకు రెండవదే నయం. ఎందుకంటే గంధకపు పొగ, అంటే సల్ఫర్ డయాక్సైడ్, సూక్ష్మజీవులను అణచడానికి వాడేది. ఈస్ట్ కూడ సూక్ష్మజీవే కదా! ఖుబానీ గింజలోని పప్పు తీపిదైతే తినవచ్చు, చేదుగా ఉంటే ఉమ్మివేయాలి. ఆ చేదులో సయనైడును పుట్టించే పదార్థం ఉంది. రంగురంగుల టూటీఫ్రూటీని మాత్రం ఎండు పండ్ల కింద లెక్కించవద్దు. అది సాధారణంగా పచ్చి బొప్పాయి ముక్కలను పాకంలో ఊరబెట్టి, రంగు వేసినది.

పండ్లను ఎందుకు నానబెట్టాలో రసాయనశాస్త్రం చదివేవారు చెప్పగలరు. తాజా ద్రాక్షలో నూటికి 80 పాళ్ళు నీరు ఉంటుంది. ఎండిన తరువాత సుమారు 15 పాళ్ళే మిగులుతుంది. అలా ఎండిన పండును పచ్చిపిండిలో వేస్తే ద్రవాభిసరణం వల్ల చుట్టూ ఉన్న నీటిని లాగేస్తుంది. పండు చుట్టూ పిండి గట్టిపడుతుంది, పెనానికి తగిలిన పండు మాడి చేదెక్కుతుంది. చక్కెర ఎక్కువైతే ఈస్ట్ మందగించడానికి కూడ ఈ ద్రవాభిసరణమే కారణం. తొందరగా పొంగాలని గుప్పెడు చక్కెర వేసేవారు కోరినదానికి వ్యతిరేక ఫలితం పొందుతారు. ఒక చెంచా చాలు.

నలుగురికి సరిపడ చేయాలంటే 50 గ్రాముల మినపపప్పు, 200 గ్రాముల కుట్టు పిండి, 3 గ్రాముల పొడి ఈస్ట్, అంటే ఒక చిన్న చెంచాడు, ఒక చెంచా చక్కెర, అర చెంచా ఉప్పు, 100 గ్రాముల ఎండు పండ్లు కావాలి. మినపపప్పును నాలుగు గంటలు నానబెట్టి, కొద్దికొద్దిగా నీళ్ళు చల్లుతూ తేలికగా, నురుగు వచ్చేట్లు రుబ్బాలి. ఒక చుక్క పిండిని నీటిలో వేస్తే తేలాలి, అది పాతకాలపు పరీక్ష. పండ్లను కడిగి ఆ నీటిని పారబోసి, గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, వడకట్టి, తడి ఒత్తేసి, కిస్మిస్ అంత ముక్కలుగా కోసుకోవాలి.

పావు లీటరు గోరువెచ్చని నీటిలో చక్కెర కరిగించి ఈస్ట్ చల్లాలి. ఆ నీటిలో వేలు ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. 55, 60 డిగ్రీల సెల్సియస్ వేడికి ఈస్ట్ కణాలు చచ్చిపోతాయి. పది నిమిషాలలో పైన నురుగు తెట్టు కడితే ఈస్ట్ బ్రతికి ఉన్నట్లు. కట్టకపోతే ఆ నీటిని పారబోసి వేరే ఈస్ట్ తేవడమే దారి, పిండిని వృథా చేయవద్దు. కుట్టు పిండిలో ఉప్పు కలిపి, ఈ నీరు పోసి, ఉండలు లేకుండ కలిపి, చివర మినపపిండిని చేతితో మృదువుగా కలపాలి. ఉతప్పం పిండి కన్న కొద్దిగా చిక్కగా ఉండాలి. బిగువనిపిస్తే మరికొంచెం గోరువెచ్చని నీరు పోయవచ్చు. గిన్నెలో సగానికి మించి నింపరాదు.

ఎంతసేపు ఉంచాలన్న దానికి గడియారం ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఈస్ట్‌కు 25 నుండి 35 డిగ్రీల వరకు ఉన్న వాతావరణం ఇష్టం. వానాకాలంలో గంట, గంటన్నర పడుతుంది. మే నెలలో హైదరాబాదు పగటి వేడి 40 డిగ్రీలకు చేరినప్పుడు ముప్పావు గంటలోనే పొంగి, మరికాసేపటికి పుల్లని, సారా వంటి వాసన పట్టవచ్చు. అప్పుడు గిన్నెను చల్లని నీటి పళ్ళెంలో నిలపాలి. జనవరి చలిలో రెండు గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. వెచ్చని నీటి గిన్నెలో నిలిపితే త్వరపడుతుంది. కాబట్టి గుర్తులు చూడాలి: పిండి ఒకటిన్నర రెట్లు కావాలి, పైన చిన్న చిన్న గుంటలు పడాలి, గరిటె కొనతో తాకితే లోపల గూడు గూడుగా కనిపించాలి. పొంగి మధ్యలో కుంగిందంటే వేళ మించిపోయిందని అర్థం. ఆ పిండిని పారబోయనక్కరలేదు. అట్లు కాస్త పలుచగా, పుల్లగా వస్తాయి, పచ్చిమిరప, ఉల్లి తరిగి వేసుకుంటే తినవచ్చు.

పొంగిన పిండిని గరిటెతో బాదితే చేసిన శ్రమ అంతా బుడగలతో పాటు పోతుంది. పండ్లను పిండిలో కలపమని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. మన ఉతప్పం పద్ధతి నాకు ఇంతకన్న మెరుగని తోస్తుంది. ఇనుప పెనాన్ని నడిమి మంట మీద వేడిచేసి, నెయ్యి లేదా నూనె రాసి, గిన్నె అంచు నుండి సగం గరిటె పిండి తీసి అరచేతి వెడల్పున పోయాలి, దోసె వలె తిప్పి పరచరాదు. వెంటనే పండ్ల ముక్కలు పైన చల్లి వేలితో కొద్దిగా అదమాలి. ఇలా చేస్తే ముక్కలు గిన్నె అడుగుకు దిగవు, ప్రతి అట్టుకు సమంగా అందుతాయి. మూతపెట్టి మంట తగ్గించాలి. రెండు నిమిషాలలో పైభాగం తడి ఆరి, గుంటలు తెరుచుకొని నిలుస్తాయి. గుంటలు మళ్ళీ పూడుకుంటుంటే ఇంకా వేళ కాలేదన్నమాట. అప్పుడు తిరగవేసి ఒక నిమిషం కాల్చాలి. తియ్యని పండు పెనానికి తగిలేది ఇప్పుడే గనుక మంట హెచ్చించరాదు. ఈ కొలతకు పన్నెండు, పదమూడు అట్లు వస్తాయి.

కాలిన అట్టు ఎర్రగా గాక ముదురు గోధుమరంగులో, కొంచెం నలుపు కలిసి ఉంటుంది. మాడిందని భయపడవద్దు, కుట్టు రంగే అది. రుచిలో కూడ ఒక చిరుచేదు ఉంటుంది. దానిని చక్కెరతో కప్పిపుచ్చడం కన్న, వెన్న గాని, మీగడ గాని, పలుచని బెల్లం పాకం గాని పక్కన పెట్టుకుంటే ఆ చేదు పండ్ల తీపికి సరిజోడు అవుతుంది. వేడివేడిగా తినాలి. చల్లారితే గట్టిపడుతుంది, అయితే మూతపెట్టి పెనం మీద మళ్ళీ వెచ్చచేస్తే మెత్తబడుతుంది.

పిండి మిగిలితే మూత బిగించకుండ ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. చల్లదనంలో ఈస్ట్ నిద్రపోదు, నెమ్మదిస్తుంది. మరునాటికి పిండికి ఇడ్లీ పిండి వంటి పులుపు వస్తుంది. పైన చెప్పిన అమెరికా పల్లె గృహిణులు ప్రతి రాత్రి గరిటెడు పాత పిండిని మిగిల్చి, దానిలోనే కొత్త పిండి కలిపి, మరుసటి ఉదయానికి పొంగించుకునేవారు. చలికాలంలో అలా వారాల తరబడి ఒకే తోడు సాగేది. మన ఎండలలో అంత ధైర్యం పనికిరాదు. రెండవ రోజుకు మించి ఉంచక, మూడవసారికి తాజా ఈస్ట్‌తోనే మొదలుపెట్టాలి. మిగిలిన పొడి ఈస్ట్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచి, ప్రతిసారి వాడే ముందు ఆ పది నిమిషాల నురుగు పరీక్ష చేసుకోవాలి.